ఆర్వీ బ్యాటరీని కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మేం మిషిగన్‌లో ఉంటాం. మాకొక చిన్న ట్రావెల్ ట్రెయిలర్ ఉంది. వేసవిలో పిల్లల్ని, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకుని నేషనల్ పార్కులు తిరుగుతుంటాం. ఆర్వీ (లోపలే వంట, పడక ఉండే ఇల్లులాంటి బండి) కొన్నవాళ్లు, అద్దెకు తీసుకున్నవాళ్లు మన తెలుగువాళ్లలో చాలామందే తెలుసు. వాళ్లు ఫోన్ చేసి అడిగేవాటిలో సగం బ్యాటరీ గురించే ఉంటాయి. ఆ ప్రశ్నలకి చెప్పిన జవాబులే ఇక్కడ రాస్తున్నాను.

నేను చూసినంతలో ఆర్వీ బ్యాటరీలు వాడకం వల్ల అరిగి పోయేది తక్కువ. సగం చార్జి మీద వదిలేసి, నెలల తరబడి మర్చిపోతే పోయేవే ఎక్కువ. కింద చాలా జవాబులు తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాయి.

ఆర్వీలో ఎన్ని బ్యాటరీలుంటాయి?

ఇంజిన్ తనకే ఉండే మోటర్‌హోమ్ అయితే రెండు రకాలు. ఇంజిన్ స్టార్ట్ చేయడానికి ఒకటి, అది కారు బ్యాటరీ లాంటిదే. రెండోది లోపలి ఇంటిని నడిపేది, దాన్ని హౌస్ బ్యాటరీ అంటారు. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాను, గ్యాస్ లీక్ అలారం దీని మీదే నడుస్తాయి. ఫ్రిజ్ గ్యాస్ మీద నడిచేదైనా సరే, దాని కంట్రోల్ బోర్డుకి 12 వోల్టులు కావాలి. బ్యాటరీ పడిపోతే గ్యాస్ నిండుగా ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంది. వెనక తగిలించి లాగే ట్రెయిలర్‌కి ఇంజిన్ ఉండదు కాబట్టి హౌస్ బ్యాటరీ ఒక్కటే ఉంటుంది. సాధారణంగా ముందు భాగంలో, గ్యాస్ సిలిండర్ల పక్కన నల్ల ప్లాస్టిక్ పెట్టెలో కనిపిస్తుంది.

కారు బ్యాటరీ చవగ్గా దొరుకుతుంది కదా, అదే పెట్టేస్తే?

కొన్ని ట్రిప్పులు నడుస్తుంది, తర్వాత పోతుంది. కారు బ్యాటరీ ఒక్క క్షణం ఎక్కువ కరెంటు ఇచ్చి ఊరుకోవడానికి చేసింది. లోపల సీసం పలకలు పలచగా ఉంటాయి. రాత్రంతా కొద్దికొద్దిగా ఇస్తూ, పొద్దున మళ్లీ నిండాలంటే మందమైన పలకలు ఉండాలి. వాటినే డీప్ సైకిల్ బ్యాటరీలంటారు. 'మెరైన్' అని రాసి ఉండేవాటిలో చాలా వరకు ఈ రెండింటికీ మధ్యరకం.

నాది ఏ రకమో ఎలా తెలుసుకోవాలి?

పైన తీయగలిగే మూతలుంటే నీళ్లు పోసే రకం. మన ఇళ్లలో ఇన్వర్టర్‌కి వాడే బ్యాటరీ వరసే. మూతలు లేకుండా సీలు చేసి, ఏజీఎం (యాసిడ్‌ని గాజు పీచులో పీల్చి ఉంచే రకం) అని రాసి ఉంటే దానికి నీళ్లతో పని లేదు. లిథియం అయితే ఎత్తి చూస్తే చాలు. 100 ఆంప్ అవర్ల (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత) సీసం బ్యాటరీ ఇంచుమించు 30 కిలోలు ఉంటే, లిథియం అందులో సగం కూడా ఉండదు.

ఎంత చార్జి ఉందో ఎలా చూడాలి? గోడ మీద బ్యాటరీ చార్జి చూపే లైట్లు ఎప్పుడూ ఫుల్ అనే చూపిస్తున్నాయి.

కరెంటుకి ప్లగ్ చేసి ఉన్నప్పుడు ఆ లైట్లు చూపించేది చార్జర్ వోల్టేజీ. అందుకే ఎప్పుడూ ఫుల్ అంటాయి. వాటిని నమ్మి బయల్దేరితే అడవిలో మొదటి రాత్రే అసలు సంగతి తెలుస్తుంది.

వోల్టేజీ కొలిచే చవకైన మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. ప్లగ్ తీసేసి, లైట్లన్నీ ఆపి, కనీసం మూడు నాలుగు గంటలు బ్యాటరీని కదిలించకుండా వదిలి అప్పుడు కొలవండి. సీసం బ్యాటరీలో 12.7 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు మిగిలినట్టు. ఒక వోల్టు కూడా తేడా లేదు చూశారా! నిండుదానికీ సగందానికీ మధ్య తేడా అర వోల్టే. అందుకని "12 పైనే ఉంది కదా, బానే ఉంది" అనుకోకండి.

లిథియంకి ఈ లెక్క పనికిరాదు. దాదాపు ఖాళీ అయ్యేదాకా వోల్టేజీ కదలదు. వచ్చే కరెంటునీ పోయే కరెంటునీ లెక్కపెట్టే షంట్ మానిటర్ పెట్టించుకోవాలి. సీసం బ్యాటరీ ఉన్నవాళ్లకి కూడా అది మంచి పెట్టుబడే.

ఎంతవరకు వాడుకోవచ్చు?

సీసం బ్యాటరీని సగానికి, అంటే 12.2కి తగ్గనివ్వకండి. ఒకసారి తగ్గినంత మాత్రాన చచ్చిపోదు. తగ్గాక వెంటనే నింపకపోవడమే అసలు దెబ్బ. ఖాళీగా ఉన్నంతసేపూ పలకల మీద లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది. మొదట్లో అది మెత్తగా ఉంటుంది, చార్జి చేస్తే కరిగిపోతుంది. వారాలు గడిచేకొద్దీ గట్టి స్ఫటికాలుగా మారుతుంది, ఇక కరగదు. అంత మేర బ్యాటరీ చిన్నదైపోయినట్టే. ఆదివారం రాత్రి ట్రిప్పు నుంచి అలసిపోయి వచ్చినా సరే, పడుకునేముందు చార్జింగ్‌కి పెట్టండి.

హుకప్ (క్యాంప్‌గ్రౌండ్‌లో ఆర్వీకి ఇచ్చే కరెంటు కనెక్షన్) లేనిచోట ఒక రాత్రి గడుస్తుందా?

చలి రాత్రి అయితే జాగ్రత్తగా లెక్క వేసుకోవాలి. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో కరెంటు హుకప్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్ ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే. అక్కడ దొరకనివాళ్లంతా బ్యాటరీ మీద ఉండాల్సిందే. జూన్ నెలలో కూడా ఆ ఎత్తులో రాత్రి గడ్డకట్టే చలి రావచ్చు.

ఆర్వీ హీటర్ మండేది గ్యాస్‌తోనే గానీ, వేడిగాలిని తోసే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది. అది సుమారు 8 ఆంప్‌లు లాగుతుంది. పది గంటల రాత్రిలో సగంసేపు తిరిగినా 40 ఆంప్ అవర్లు. చాలా ట్రెయిలర్లతో వచ్చే గ్రూప్ 24 సైజు బ్యాటరీలో ఉండేదే 80 చిల్లర. అందులో సగమే వాడాలి. అంటే ఒక్క రాత్రికి హీటరే మొత్తం తినేసింది. పైగా గడ్డకట్టే చలిలో సీసం బ్యాటరీ తన సామర్థ్యంలో దాదాపు ఐదో వంతు కోల్పోతుంది.

పెద్దవాళ్లు వెంట ఉంటే చలికి తట్టుకోలేరని థర్మోస్టాట్ పెంచుతాం. నేనూ అలాగే పెంచాను. తెల్లవారుజామున నాలుగింటికి ఫ్యాను ఆగిపోయింది, అమ్మ చలికి వణుకుతూ లేచి కూర్చుంది. అప్పట్నుంచి మందపాటి రగ్గులు ఎక్కువ పెట్టుకుంటున్నాం, థర్మోస్టాట్‌ని 60 ఫారెన్‌హీట్ దాటనివ్వడం లేదు. ఒక్క బ్యాటరీ బదులు 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు వరసగా కలిపి పెట్టాను. అలా కలిపితే 12 వోల్టులు, 210 ఆంప్ అవర్లకి పైగా వస్తుంది. ఒక చలి రాత్రి గండం గడవడానికి అది చాలు.

పాత మోడల్‌లో ఉండే ఫిలమెంట్ బల్బులు ఒక్కోటి ఒకటిన్నర ఆంప్ దాకా లాగుతాయి. వాటిని ఎల్‌ఈడీలుగా మార్చడం అన్నిటికంటే చవకైన మార్పు.

రైస్ కుక్కర్, మిక్సీ, ఇండక్షన్ స్టవ్ బ్యాటరీ మీద నడుస్తాయా?

ముందు మాటల గందరగోళం తీర్చుకుందాం. మన ఊళ్లో ఇన్వర్టర్ అంటే బ్యాటరీని చార్జ్ చేసేదీ, కరెంటు పోతే ఇంటికి ఇచ్చేదీ ఒకటే పెట్టె. ఆర్వీలో ఇవి తరచు రెండు. బయటి కరెంటు తీసుకుని బ్యాటరీని చార్జ్ చేసేది కన్వర్టర్. బ్యాటరీ నుంచి 120 వోల్టులు చేసేది ఇన్వర్టర్. కన్వర్టర్ దాదాపు ప్రతి ఆర్వీలోనూ ఉంటుంది, ఇన్వర్టర్ చాలా చిన్న ట్రెయిలర్లలో ఉండదు. గోడకి ప్లగ్గులున్నాయి కదా అని కుక్కర్ పెడితే, బయటి కరెంటు లేనప్పుడు అసలు వెలగదు.

ఇన్వర్టర్ ఉందనుకుందాం. 500 వాట్ల రైస్ కుక్కర్ అరగంట నడిస్తే నష్టాలతో కలిపి ఇంచుమించు 24 ఆంప్ అవర్లు పోతాయి. పైన చెప్పిన గ్రూప్ 24 బ్యాటరీలో వాడుకోదగ్గదానిలో సగానికి పైనే. అన్నం గ్యాస్ మీద వండుకోండి. 1,800 వాట్ల ఇండక్షన్ స్టవ్ 160 ఆంప్‌లకి పైగా లాగుతుంది, ఒక్క సీసం బ్యాటరీ దాన్ని మోయలేదు. మిక్సీ మాత్రం వేరే లెక్క. 500 వాట్ల మిక్సీలో కొబ్బరి పచ్చడి రెండు నిమిషాలు తిప్పితే రెండు ఆంప్ అవర్లు కూడా పోవు. కాబట్టి ఇన్వర్టర్ తట్టుకోగలిగితే పచ్చడికి భయపడక్కర్లేదు. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ అయితే ఇక్కడి ఇన్వర్టర్ మీద సరిగ్గా తిరగదు.

నీళ్లు ఎప్పుడు, ఎంత పోయాలి?

వేసవిలో నెలకోసారి మూతలు తీసి చూడండి. చేతులకి గ్లోవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి. లోపలుండేది సల్ఫ్యూరిక్ యాసిడ్. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీళ్లు, ఫిల్టర్ నీళ్లు, వాన నీళ్లు వద్దు. వాటిలోని మలినాలు పలకల్ని పాడుచేస్తాయి.

చాలామంది తప్పు చేసేది సమయం దగ్గర. పూర్తిగా చార్జి అయ్యాక నీళ్లు పోయాలి. చార్జి అయ్యేటప్పుడు లోపలి ద్రవం వ్యాకోచిస్తుంది. ముందే నిండా పోస్తే యాసిడ్ పొంగి బయటికి వస్తుంది. పలకలు పైకి తేలి కనిపిస్తుంటే మాత్రం అవి మునిగేంత కొద్దిగా పోసి, చార్జి చేసి, మిగతాది తర్వాత పోయండి. మూత తీస్తే లోపలికి చిన్న గొట్టంలా దిగి ఉంటుంది. దాని అడుగు అంచుకి 3 మిల్లీమీటర్లు కింద ఆపేయాలి. తగ్గింది కదా అని యాసిడ్ ఎప్పుడూ కలపకండి. ఆవిరయ్యేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది.

ఇంటి దగ్గర ఎప్పుడూ ప్లగ్ చేసి ఉంచేయొచ్చా?

కన్వర్టర్‌ని బట్టి ఉంటుంది. కొత్తవి దశలవారీగా చార్జ్ చేస్తాయి. ముందు 14.4 వోల్టుల దగ్గర నింపి, తర్వాత తగ్గిస్తూ, చివరికి 13.2 దగ్గర నిలబెడతాయి. అలాంటిదైతే వదిలేయొచ్చు, నెలకోసారి నీళ్లు చూస్తే చాలు. పాత ఆర్వీల్లోవి ఎప్పుడూ ఒకటే వోల్టేజీ, 13.6 దగ్గర తోస్తూ ఉంటాయి. వాటితో నెలల తరబడి ఉంచితే నీళ్లు మెల్లమెల్లగా ఇంకిపోతాయి. మీది ఏదో తెలియకపోతే ప్లగ్ చేసిన మూడు రోజుల తర్వాత బ్యాటరీ దగ్గర కొలవండి. 13.2 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత.

రాత్రి కుళ్లిన గుడ్ల వాసన వచ్చింది, గ్యాస్ అలారం కూడా మోగింది. ఏం చేయాలి?

ముందు అందర్నీ బయటికి పంపండి. సిలిండర్ కట్టేయండి. స్విచ్‌లు ముట్టుకోకండి. ప్రొపేన్‌లో కలిపే వాసన కూడా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి గ్యాస్ లీకే అనుకుని నడుచుకోవాలి. లీకు లేదని తేలాక బ్యాటరీని చూడండి. మితిమీరి చార్జి అవుతున్న సీసం బ్యాటరీ హైడ్రోజన్, హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుల్ని వదులుతుంది. ఆ వాయువులకి కూడా గ్యాస్ అలారం మోగవచ్చు. పెట్టె వేడిగా ఉన్నా, ఉబ్బినా చార్జింగ్ ఆపేసి, చల్లారేదాకా దూరంగా ఉండండి. అలాంటి బ్యాటరీని మళ్లీ వాడే ఆలోచన పెట్టుకోకండి.

చలికాలంలో ఏం చేయాలి?

నన్ను ఒక్కటే ప్రశ్నకి జవాబు చెప్పమంటే దీనికే చెబుతాను.

మొదటి ఏడాది అక్టోబర్ చివర్లో ట్రెయిలర్‌ని స్టోరేజ్ యార్డులో పెట్టి, బ్యాటరీ స్విచ్ ఆఫ్ చేసి, తాళం వేసి వచ్చాను. ఏప్రిల్‌లో వెళ్లి చూస్తే బ్యాటరీ పక్కలు ఉబ్బి, ఒక మూల పగిలి, యాసిడ్ కారి కింద ఇనుము తుప్పు పట్టింది. స్విచ్ ఆఫ్ చేశాక ఎలా ఖాళీ అయిందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. మా ట్రెయిలర్‌లో గ్యాస్ అలారం ఆ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకే కలిపి ఉంది. భద్రత కోసం అలా పెడతారు. చాలా ఆర్వీల్లో ఇంతే. ఆ చిన్న అలారం రోజుకి లాగేది కొద్దిగానే గానీ, నెలన్నర, రెండు నెలల్లో బ్యాటరీని తుడిచిపెట్టేస్తుంది.

నిండుగా చార్జి ఉన్న బ్యాటరీలో ద్రవం గాఢమైన యాసిడ్. అది మైనస్ 60 సెల్సియస్ దాటితే గానీ గడ్డకట్టదు, మిషిగన్ చలి దాన్ని ఏమీ చేయదు. ఖాళీ అయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్లే. అది మైనస్ 7 దగ్గరే, అంటే 20 ఫారెన్‌హీట్ దగ్గరే గడ్డకడుతుంది. మా ఊళ్లో జనవరి రాత్రులకి అది మామూలే.

ఇప్పుడు చేసేది ఇది. సీజన్ అయిపోగానే పూర్తిగా చార్జి చేసి, తీగలు విప్పి, బ్యాటరీని ఇంటికి తెచ్చి గ్యారేజీలో పెడతాను. నెలకోసారి మల్టీమీటర్‌తో చూసి, 12.5 కంటే తగ్గితే ఒక రాత్రి చార్జింగ్ పెడతాను. కాంక్రీటు నేల మీద పెడితే దిగిపోతుందని ఇక్కడ చాలామంది అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ పెట్టెలకి ఆ భయం లేదు. ఇంటికి తేలేకపోతే కనీసం నెగటివ్ తీగ విప్పేసి రండి, పది నిమిషాల పని.

గడ్డకట్టిన బ్యాటరీని ఎట్టి పరిస్థితిలోనూ చార్జింగ్‌కి పెట్టకండి. పేలవచ్చు.

మేం ఉండేది టెక్సాస్. చలి లేదు కదా?

ఎండ ఉంది. వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ తనంతట తాను దిగిపోయే వేగం పెరుగుతుంది. ప్రతి 10 సెల్సియస్‌కి సుమారు రెట్టింపు అవుతుంది. నీళ్లూ త్వరగా ఆరిపోతాయి. డల్లాస్, ఫీనిక్స్ వైపు ఉన్నవాళ్లు వేసవిలో రెండు వారాలకోసారి మూతలు తీసి చూడాలి.

సోలార్ పెడితే సరిపోతుందా? జనరేటర్ కావాలా?

100 వాట్ల సోలార్ పలక మంచి వేసవి రోజున 25 నుంచి 30 ఆంప్ అవర్లు ఇస్తుంది. చెట్టు నీడ పడితే అందులో చాలా భాగం పోతుంది. అడవిలో మంచి చోటు అంటే నీడ ఉన్న చోటే కాబట్టి, పైకప్పు మీద కంటే ఎండలోకి జరుపుకోగలిగే మడత పలకలు నాకు ఎక్కువ నచ్చాయి. స్టోరేజ్‌లో ఉన్న రోజుల్లో చార్జింగ్‌ని అదుపు చేసే కంట్రోలర్‌తో పాటు చిన్న సోలార్ పలక ఉన్నా, అలారం తినేదాన్ని అది తీరుస్తూ ఉంటుంది.

జనరేటర్‌కి వేళలుంటాయి. యోసెమిటీ నేషనల్ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్‌లు లేవు. జనరేటర్ పొద్దున 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7 వరకే. సీసం బ్యాటరీ మొదట వేగంగా నిండి, చివరి ఐదో వంతుకి గంటల కొద్దీ తీసుకుంటుంది. అందుకే పొద్దున జనరేటర్ వేసి, మిగతాది రోజంతా సోలార్‌కి వదిలేస్తే కుదురుతుంది. సాయంత్రం రెండు గంటలు జనరేటర్ తిప్పి నిండిందనుకుంటే నిండదు.

ట్రక్కు నడుస్తుంటే ట్రెయిలర్ బ్యాటరీ చార్జి అవ్వదా?

కొద్దిగా అవుతుంది. ట్రక్కునీ ట్రెయిలర్‌నీ కలిపే ఏడు పిన్నుల ప్లగ్గులోని తీగ సన్నం, దారి పొడవు, కొద్ది ఆంప్‌లే వస్తాయి. ఆరు గంటలు డ్రైవ్ చేశాం కదా, ఫుల్ అయి ఉంటుందని లెక్కపెట్టుకోకండి. బాగా కావాలంటే డీసీ టు డీసీ చార్జర్ (ట్రక్కు కరెంటుని ట్రెయిలర్ బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చేది) పెట్టించాలి.

బ్యాటరీ తీసేసి ట్రెయిలర్ లాగొచ్చా?

వద్దు. దారిలో ట్రెయిలర్ ఊడిపోతే బ్రేక్‌అవే స్విచ్ దాని బ్రేకులు వేస్తుంది. ఆ బ్రేకులకి కరెంటు ఈ బ్యాటరీ నుంచే వస్తుంది. చచ్చిన బ్యాటరీతో లాగడమూ అంతే ప్రమాదం.

లిథియంకి మారమంటారా?

ఎక్కువగా హుకప్ లేనిచోట్ల ఉంటే మారండి. ఏటా రెండు ట్రిప్పులు, అదీ హుకప్ ఉన్నచోట అయితే ఆ డబ్బు పెట్రోలుకి దాచుకోండి.

ఆర్వీల్లో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. దాదాపు మొత్తం వాడుకోవచ్చు, నీళ్లు అక్కర్లేదు, సగం చార్జి మీద ఉన్నా పాడవదు. సీసం వందల సార్లు చార్జి అయితే ఇది వేల సార్లు. కానీ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోండి. సున్నా సెల్సియస్ కంటే కింద దాన్ని చార్జ్ చేయకూడదు. చేస్తే లోపల లోహం పొరగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి బ్యాటరీల్లో బీఎంఎస్ (బ్యాటరీని లోపలి నుంచి కాపాడే సర్క్యూట్) ఆ చార్జింగ్‌ని ఆపేస్తుంది, కొన్నిటిలో వేడిచేసే ఏర్పాటు కూడా ఉంటుంది. కొనేముందు ఇది అడగండి. రెండోది, సీసానికి సరిపోయిన పాత కన్వర్టర్ దీన్ని పూర్తిగా నింపలేకపోవచ్చు. మోటర్‌హోమ్‌లో లిథియంని ఇంజిన్ ఆల్టర్నేటర్‌కి (ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు చేసేది) నేరుగా కలిపితే ఆల్టర్నేటరే వేడెక్కి కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

చలికాలం దాచే పద్ధతి కూడా తిరగబడుతుంది. సీసాన్ని నిండుగా దాచాలి, లిథియంని సగం పైచిలుకు చార్జితో తీగలు విప్పి దాచాలి.

టెర్మినల్స్ మీద తెల్లగా, పచ్చగా బూజులా పడుతోంది.

వంట సోడా నీళ్లలో కలిపి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. నురగ ఆగేదాకా రుద్ది, మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. మూతలు బిగించి ఉండాలి, సోడా ఒక్క చుక్క లోపలికి పోయినా యాసిడ్ బలం పోతుంది. తీగలు గట్టిగా బిగించాక పైన వాజెలిన్ పూయండి.

కలిపి పెట్టిన రెండు బ్యాటరీల్లో ఒకటే పోయింది. ఒకటే మార్చొచ్చా?

రెండూ మార్చండి. కలిపి ఉన్నప్పుడు పాతది కొత్తదాన్ని కూడా తనతోపాటు కిందికి లాగేస్తుంది. పాతవాటిని పారేయకండి, కొత్తవి కొన్న షాపులోనే ఇస్తే కోర్ చార్జి (పాత బ్యాటరీ ఇచ్చేదాకా ఉంచుకునే డిపాజిట్) కింద కట్టిన డబ్బు తిరిగి ఇస్తారు.

విప్పేటప్పుడు ఏ తీగ ముందు?

నెగటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఆర్వీలో పాజిటివ్ తీగ ఎప్పుడూ ఎర్రగా ఉంటుందని అనుకోకండి. చాలా ట్రెయిలర్లలో నల్ల తీగ పాజిటివ్, తెల్ల తీగ నెగటివ్. కారు అలవాటులో నల్లదాన్ని నెగటివ్‌కి బిగించి ఫ్యూజులు కాల్చుకున్నవాళ్లు నాకే ముగ్గురు తెలుసు. విప్పేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, ప్రతి తీగకీ ఒక టేపు ముక్క అంటించి ప్లస్సో మైనస్సో రాసి పెట్టండి.